పోయినేటి మాట

నరసయ్య పోయిన రోజు పులికాట్‌లో నీళ్లు మోకాటి లోతుకు మించి లేవు. వల కట్టిన గుంజ పట్టుకుని నిలబడ్డ మనిషి అట్లాగే నీళ్లలో కూర్చుండిపోయాడు. పక్కనే ఉన్న తమ్ముడు పెంచలప్రసాద్, అన్న జారిన ముడి వెతుక్కుంటున్నాడనుకున్నాడు. సూళ్లూరుపేట ఆస్పత్రికి చేర్చేసరికి గుండె ఆగి చాలాసేపయిందన్నారు.

ఆ వేళకు నరసయ్య భార్య విజయకుమారి బడిలో ఆరో తరగతికి తెలుగు చెబుతోంది. "వచ్చినాడు కాదు, వచ్చాడు" అని పిల్లల చేత పలికిస్తోంది. కబురు విన్నాక కూడా పిల్లలను చప్పుడు చేయకుండా చదువుకోమని చెప్పి, చేతికంటిన సుద్ద దులుపుకుని మరీ బయల్దేరింది. ఆ దులుపుకోవడం తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

అది కార్తీకం. అప్పటి నుంచి ఉగాది దగ్గర పడేదాకా, భర్త పోయాడన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. అడిగినవాళ్లకు "కార్తీకంలో" అని చెప్పి ఊరుకునేది. మిగతాది వాళ్లే అర్థం చేసుకునేవాళ్లు.

నరసయ్య ఊళ్లో పాడు అంటే వల వేసుకునే చోటు. ఆ చోటు మీద ఒక్కో ఇంటికి వచ్చే వంతును కూడా పాడనే అంటారు. విజయకుమారి పుట్టిల్లు మైపాడు. అక్కడ సముద్రం మీద ఎవరి వల వాళ్లదే, వంతులు లేవు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం అత్త అంకాలమ్మ అరుగు మీద కూర్చుని, పక్కింటామెతో "రేపు మా పాడేనమ్మా" అనడం ఆమె చెవిన పడింది. కొత్తకోడలికి అది శవాన్ని మోసే పాడెగా వినిపించింది. గబగబా లోపలికి పోయి గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ తెచ్చి, అత్తకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు వీధి వీధంతా దగ్గింది.

"మైపాడులో పుట్టినదానివి, పాడంటే భయమా నీకు?" అని నరసయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. తలచుకున్నప్పుడల్లా, బతికినన్నాళ్లూ నవ్వుతూనే ఉన్నాడు.

ఉగాదికి ముందు ఆదివారం వలల పాకలో ఊరంతా కూడి పాడు చీటీలు తీస్తారు. చీటీ కుండలో పడాలంటే ఇంటికొకరు లేచి రెండు మాటలు చెప్పాలి. పోయినేటి మాట ఒకటి, వచ్చేయేటి మాట ఒకటి. నీళ్లు ఏమిచ్చాయి, ఏం తీసుకున్నాయి, ఇక ముందు ఏం చేద్దామనుకుంటున్నారు. ఇవి చెప్పని ఇంటికి ఆ ఏడు వంతు లేదు. నరసయ్యది ఏటేటా ఒకటే మాట. "వచ్చేయేడు మా టీచరమ్మను పడవెక్కించి మా పాడు చూపిస్తా."

"పోయినేడూ ఇదే చెప్పినావు గదబ్బా" అనేవారు ఎవరో ఒకరు.

"పాతబడలేదులే. ఆమె ఎక్కలేదు గదా."

పాక గొల్లుమనేది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న విజయకుమారి తల దించుకునేది. పడవెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. తిప్పకపోయినా, ఆదివారం అనేసరికి దిద్దాల్సిన పేపర్లు ఉండేవి.

ఈసారి చీటీలకు ముందురోజు అంకాలమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని కదిపింది. "రేపు మనింటి మాట ఎవురు చెప్తారు?"

"ప్రసాద్ ఉన్నాడు కదత్తా."

"వాడికి వాడిల్లుంది. ఒక నోటికి ఒకటే చీటీ. అంతమంది పిలకాయల్ని అదిలిస్తావు, నలుగురి ముందర నీకు నోరు పెగలదా?"

"బడిలో పుస్తకంలో ఉన్నది చెబుతానత్తా."

"పుస్తకంలో లేంది గూడా చెప్పాల ఒక్కోసారి. నా కొడుకు వంతు నీళ్ల మీద లేకుండా పోగూడదు. అంతే." ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుని లేచిపోయింది.

మర్నాడు పాకలో ఊరి పెద్ద హజరత్తయ్య కుండ ముందు పెట్టుకుని వరసగా ఇళ్లను పిలిచాడు. "నరసయ్య ఇల్లు" అన్నప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. విజయకుమారి లేచి నిలబడింది.

"చెప్పు తల్లీ. పోయినేటి మాట."

"పోయినేడు రొయ్య బాగానే పడిందన్నారు" అంది. అది అందరికీ తెలిసిందే. హజరత్తయ్య తల ఊపి, ఇంకా చూస్తూనే ఉన్నాడు. "ఆయన పడవెక్కిస్తానన్నాడు. నేను పేపర్లున్నాయన్నాను. కార్తీకంలో..."

ఆ మాట దగ్గర ఆగే అలవాటు ఆమెది. ఇక్కడ మాత్రం మిగతాది ఎవరూ అర్థం చేసుకోలేదు. అందరూ ఆమె చెబుతుందని కాచుకున్నారు. అంకాలమ్మ నేల వైపు చూస్తోంది.

"కార్తీకంలో ఆయన పోయినాడు."

ఇన్నేళ్లుగా పిల్లల నోళ్లలో దిద్దుతూ వచ్చిన మాటతీరు అది. దిద్దుకోవాలని ఆమెకు అనిపించలేదు. మైపాడులో అమ్మ అట్లాగే అనేది, నరసయ్యా అట్లాగే అనేవాడు.

హజరత్తయ్య కాసేపు కుండ అంచు నిమిరాడు. "వచ్చేయేటి మాట?"

"పడవెక్కుతాను. మా పాడు చూస్తాను."

వెనకనుంచి ఎవరో, అలవాటు కొద్దీ కాబోలు, "పోయినేడూ ఇదే మాట గదబ్బా" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నారు.

"పాతబడలేదులే" అంది అంకాలమ్మ తలెత్తకుండానే. "ఎక్కలేదు గదా."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. విజయకుమారి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చీటీ కుండలో పడింది.

వంతు శ్రావణంలో వచ్చింది. ప్రసాద్ అన్న పడవకు తారు పూసి సిద్ధం చేశాడు. ఆమె తెల్లవారగానే గట్టుకు పోయి, చెప్పులు విడిచి, మోకాళ్లదాకా నీళ్లలోకి నడిచి పడవ అంచు పట్టుకుంది. దూరంగా గుంజలు కనిపిస్తున్నాయి. నీళ్లు ఆనాడు కూడా ఇంతే ఉండి ఉంటాయి.

"ఎక్కు వదినా, నేను పట్టుకుంటాలే" అన్నాడు ప్రసాద్.

ఆమె చాలాసేపు నిలబడింది. "నువ్వు పోయిరా. పొద్దెక్కుతోంది" అంది చివరికి.

ఆ ఏడు నరసయ్య వంతులో వల పడింది. విజయకుమారి ఇంకా పడవ ఎక్కలేదు.