పాత జాబితాలో బీన్స్

సెర్బియా నగరం నోవీ సాద్‌లోని ఆ చిన్న వెబ్ కంపెనీలో దున్యాకి ఆ శుక్రవారంతో మూడు నెలల పరీక్షాకాలం ముగుస్తుంది. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఆమె రాసిన భోజనాల పేజీ చూసి టీమ్ లీడ్ గోర్దానా తేలుస్తుంది. ఆఫీసులో ఎవరికేం కావాలో ఆ పేజీలో మనిషికో వరుస చొప్పున ఒక జాబితాగా ఉంటుంది. పదకొండున్నర కాగానే అది దానంతటదే హోటలుకి వెళ్లిపోతుంది.

ఇంకెవరైనా అయితే ఆరోజు నోరు మూసుకుని కూర్చునేవారు. దున్యా ఆ రకం కాదు. బోటీ కూర పేరెత్తితేనే గోర్దానా ముక్కు మూసుకుంటుంది. అందుకని దున్యా ఆమె వరుసలో బోటీ కూర పెట్టి, పక్కవాళ్లకి చూపించి, నవ్వుకున్నాక తీసేద్దామనుకుంది. ముందుజాగ్రత్తగా అసలు జాబితాని 'పాత' అనే పేరుతో దాచింది కూడా.

నవ్వులయ్యాయి. 'పాత' జాబితాని వెనక్కి తెచ్చింది. అందులోనూ బోటీ కూరే.

దున్యాకి అప్పుడు అర్థమైంది. తను దాచింది నకలు కాదు. ఉన్న ఒక్క జాబితాకే రెండో పేరు తగిలించింది. గోర్దానా అసలేం అడిగిందో ఇప్పుడు ఎక్కడా లేదు. టైము పదకొండూ ఇరవై రెండు.

దున్యా గోర్దానా బల్ల దగ్గరికి వెళ్లి, ఇవాళ ఏం తింటున్నారని వీలైనంత మామూలుగా అడిగింది.

"జాబితాలో ఉందిగా, చిన్నదానా."

"ఉందనుకోండి... మీ నోటితో వింటే బాగుంటుందని."

గోర్దానా కళ్లజోడు పైనుంచి చూసింది. ఆ చూపుకి దున్యా మొత్తం కక్కేసింది.

గోర్దానా తిట్టలేదు. తను అడిగింది ఖీమా కూరిన క్యాబేజీ చుట్టలని చెప్పి, తన ఎదుటే సరిచేయమంది. దున్యా వేళ్లు పరుగెత్తాయి. ఈసారి పాత జాబితాని ముట్టుకోలేదు. దాన్ని చూస్తూ కొత్తది కట్టింది: మార్చాల్సిన చోట కొత్త వరుస, మిగతావన్నీ ఉన్నవున్నట్టే. పదకొండూ ఇరవై ఎనిమిదికల్లా క్యాబేజీ చుట్టలు తమ చోటికి చేరాయి.

పనిచేస్తోందో లేదో చూద్దామని గోర్దానా కీబోర్డు లాక్కుని, దున్యా వరుసలో బీన్స్ తీసి ఉడికించిన పాలకూర కొట్టింది. కొత్త జాబితాలో పాలకూర వచ్చింది. పాతదాంట్లో బీన్స్ చెక్కుచెదరలేదు.

"బాగుంది. ఉద్యోగం నీదే."

దున్యా ఇక తన బీన్స్ తనకి ఇచ్చేయమని చెయ్యి చాచింది. గోర్దానా కీబోర్డుని ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా కాఫీ చప్పరించింది. పదకొండున్నర దాకా ఒక్క మీటా నొక్కలేదు.

"నీ బీన్స్‌కేం కాలేదు, పాత జాబితాలో భద్రంగా ఉన్నాయి," అంది. "హోటలుకి వెళ్లింది కొత్తది."