తోక అంచు

చొక్కా చేతికి కఫ్ అతుకుతుండగా పెరట్లో గింజల పళ్లెం దగ్గర టపటపమని రెక్కల చప్పుడైంది. దర్జీ తలెత్తేసరికి పిచ్చుకలన్నీ మాయం. నాలుగు ఈకలు మాత్రం గాలిలో తేలుతూ దిగుతున్నాయి.

మేడ మీద కిటికీ భళ్ళున తెరుచుకుంది.

"చూశావా బావా? పెద్ద జాతి డేగ! నేను చెప్పలా?"

"చిన్నదే," అన్నాడు దర్జీ, పంటికింద గుండుసూదితోనే.

"నీకేం తెలుసు? పుస్తకం చూడు."

పైవాటాలో ఉండే ఆయన దర్జీ భార్యకు అన్న, దర్జీకీ బావే. రిటైరైన డ్రాయింగు మాస్టారు. దర్జీ ఏమన్నా ముందు 'కాదు' అనడం ఆయన అలవాటు. దర్జీ రసీదు పుస్తకంలో తప్పులు కూడా ఎర్రసిరాతో దిద్దేవాడు. ఎనిమిదో తరగతితో చదువాపి మిషనెక్కిన దర్జీకి ఆ ఎర్రసిరా ముప్పై ఏళ్ళుగా పంటికింద రాయి.

డేగ గొడవ మూడేళ్ళది. పెరట్లోకి వచ్చే రెండు జాతులదీ ఒకటే పోలిక: బూడిదరంగు వీపు, పొట్ట మీద ఎర్రచారలు. చిన్న జాతి ఆడది ఇంచుమించు పెద్ద జాతి మగదానంత ఉంటుంది. చిన్నదాని తోక అంచు సూటిగా, పెద్దదానిది గుండ్రంగా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అంచు కనబడేదాకా అది ఆగితేగా!

"ముందా పళ్లెం తీసెయ్యండి," అంది భార్య, ఈకలు ఊడుస్తూ. "పిచ్చుకలకి పెడుతున్నానో, డేగకి విందు చేస్తున్నానో తెలీట్లేదు."

"తీస్తే ఓడిపోయి తీశానంటాడు మీ అన్నయ్య."

"మీ పంతాలు పాడుగాను! మధ్యన పిట్టలు చస్తున్నాయి."

మూడు గంటలప్పుడు డేగ మళ్ళీ వచ్చింది. బట్టలారేసే తీగ గుంజ మీద, ఇటు వీపు పెట్టి వాలింది. దర్జీ కత్తెర దించి ఊపిరి బిగబట్టాడు. చిన్న తల. పుల్లల్లాంటి కాళ్ళు. అది ఒక్కసారి తోక విప్పి ముడిచింది. అంచు స్కేలు పెట్టి కత్తిరించినట్టుంది.

అన్నయ్యకని భార్య తెస్తున్న టీ గ్లాసు లాక్కుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

బావ కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. దర్జీ గ్లాసు బల్ల మీద పెట్టి ఏకరువు పెట్టాడు. తల, కాళ్ళు, తోక, ఆ అంచు. ఎనిమిదో తరగతి వాడి కన్నుకు కొలత తప్పదన్నాడు. ఎర్రసిరా సంగతీ ఎత్తాడు. బావ అడ్డు రాలేదు. ముప్పై ఏళ్ళలో ఆయన ముందు దర్జీ ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పడం అదే మొదటిసారి.

అప్పుడు అర్థమైంది.

"కాదనవేం?" అన్నాడు విసుగ్గా. భుజం పట్టి కుదిపితే బావ తల పక్కకు వాలిపోయింది. "ఒక్కసారి కాదను బావా."

"ఏమంటున్నాడు అన్నయ్య?" అని కింది నుంచి భార్య కేకేసింది.

దర్జీ చూపు కిందికి దిగింది. బావ ఒళ్ళో అట్టకు బిగించిన కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో డేగ, ఈక ఈకా విడివిడిగా. తోక కింది అంచు ఒక్కటే గీయకుండా వదిలేసి ఉంది.