బిగించే చేతికి చెప్పని మాట

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మార్కాపురంలో ఒక పలకల గోదాము కడుతున్నారు. నేల మీద పోసిన కాంక్రీటు దూలానికి గోనెపట్టాలు కప్పి, సౌభాగ్యమ్మ పది రోజులుగా నీళ్ళు పోస్తున్నది. ఎందుకు పోయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదువరులారా, మన పనుల్లో కూలివారికి చెప్పేది ఎప్పుడూ ఇంతే.

ఆ దూలం ఓవర్సీరు రామసుబ్బయ్య చెన్నపట్నంలో నేర్చుకొచ్చిన కొత్త పద్ధతిది. కాంక్రీటు గట్టిపడ్డాక బాగా నొక్కినా ఓర్చుకుంటుంది, సాగదీస్తే మాత్రం చీలిపోతుంది. అందుకని దూలం పొడవునా గొట్టం ఉంచి, అందులో గట్టి ఉక్కు కడ్డీ దూర్చారు. కాంక్రీటు బాగా గట్టిపడ్డాక, కడ్డీ కొసన ఇనుప పలకకు ఆనించిన మర బిగిస్తే కడ్డీ సాగుతుంది. సాగిన కడ్డీ వెనక్కి లాగుతూ దూలాన్ని రెండు కొసల నుంచి అదిమి పట్టుకుంటుంది. అప్పుడు పైన పెద్ద బరువు పడినా అడుగున పగలదు. ఇరవై ఎనిమిది రోజులు నిండందే మర ముట్టుకోవద్దని మేస్త్రీ కాశయ్యకు చెప్పి, ఓవర్సీరు కర్నూలు పోయినాడు.

పదకొండో రోజు గోదాము యజమాని వచ్చి పని ఆలస్యమవుతోందని కేకలేసి వెళ్ళాడు. కాశయ్య సౌభాగ్యమ్మ భర్త ఆశీర్వాదాన్ని పిలిచి, దూలం కొసకు ఎదురుగా నిలబెట్టి, బారెడు పానా చేతికిచ్చాడు.

"బిగించు."

ఆశీర్వాదం బిగించసాగాడు. ఇనుప పలక కింద నుంచి బూడిదలాంటి పొడి రాలింది. లోపల ఎక్కడో చిటచిటమంది. పలకరాయి గనిలో ఆరేళ్ళు చేసిన మనిషి సౌభాగ్యమ్మ. రాయి చీలబోయే ముందు చేసే చప్పుడు అది.

"మేస్త్రయ్యా, లోపల ఇరుగుతాంది."

"నీకేం తెలుసు? నీళ్ళు పోసుకో పో."

ఎదురు చెబితే రేపటి నుంచి ఇద్దరికీ పని ఉండదు. మళ్ళీ చిటచిట. ఆమె బిందె వదిలేసి పరుగెత్తి, ఆశీర్వాదం చొక్కా పట్టుకుని పక్కకు లాగింది. ఇద్దరూ బోర్లా పడ్డారు. అదే క్షణాన దూలం కొస పేలింది. ఇనుప పలక ఎగిరిపోయి, అతని రొమ్మెత్తున ఎదుటి గోడలో దిగబడింది.

కాశయ్య పరుగున వచ్చి ఇద్దరినీ లేపాడు. "ఓవర్సీరు వద్దన్నాడమ్మా. యజమానికి భయపడినా," అన్నాడు.

మూడోనాడు రామసుబ్బయ్య వచ్చి, కూలివాళ్ళందరినీ ఆ దూలం దగ్గర కూర్చోబెట్టాడు.

"తప్పు నాది గూడా. మేస్త్రీకి చెప్పి ఊరుకున్నా, మీకు చెప్పలేదు."

సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. "ఇప్పుడన్నా చెప్పండయ్యా. ఏందో తెలియక చేస్తా ప్రతి చప్పుడుకూ భయపడి చస్తన్నాం."

ఆయన చెప్పాడు, మొదటి నుంచీ, అందరికీ అర్థమయ్యేదాకా. చివర ఇట్లా అన్నాడు:

"ప్రమాదం ఎక్కడుందో పనివాడికి చెప్పకుండా పని చేయించడం, తెలిసి తెలిసి అతన్ని చంపబూనడమే."