ఎవరి జేబులో ఏముంది

మీటింగు మధ్యలో ఫోను మోగింది. అదీ తమ కంపెనీ ఫోను కాదు, తమ అమ్మకాలను మింగేస్తున్న పోటీ కంపెనీ ఫోను రింగు. కెమెరా ఇంజనీరు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. చుట్టూ చూస్తే ప్రతివాడూ జేబు తడుముకుంటున్నాడు. ధర తగ్గించాలనీ, ప్రకటనలు పెంచాలనీ అప్పటిదాకా ఊదరగొట్టినవాళ్ళే!

మోగింది మాత్రం యజమానురాలి హ్యాండ్‌బ్యాగులో.

ఆవిడ నాలుక్కరుచుకుని దాన్ని తీసి బల్లమీద పెట్టింది. "మా మనవరాలు కుదురుగా నిలబడదు. మన ఫోనులో ఫొటో తీస్తే దాని మొహం అలికేసినట్టు వస్తోంది, ఏం చెయ్యను? ఇక దొంగాట చాలు. మీవీ తియ్యండి, ఎందుకు కొన్నారో చెప్పండి."

బల్ల నిండిపోయింది. జనం ఫోను ఎందుకు కొంటారన్న మాట ఆ గదిలో వినబడటం అదే మొదటిసారి.

"ఆ అలుకుడు పోగొట్టే పద్ధతి నా దగ్గరుంది మేడమ్," అన్నాడు ఇంజనీరు. "ఫోను మందమవుతుందని అందరూ కొట్టిపారేశారు."

"మందమైతే అవనీ."

"అప్పుడైనా వాళ్ళమీద గెలుస్తామంటారా?"

ఆవిడ నవ్వింది. "మార్కెట్ సంగతి తర్వాత. ముందు నా బ్యాగులోంచి దీన్ని వెళ్ళగొట్టు, చూద్దాం."