మాంట్రియల్ సాక్ష్యం

రూపవతి ఆ ఆదివారం చర్చిలో అబద్ధం చెప్పాలని ఇంటి దగ్గర అనుకుని బయల్దేరలేదు. అనుకుని ఉంటే కాస్త పనికొచ్చే అబద్ధమైనా దొరికేది.

టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో వాళ్ల తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక స్కూలు జిమ్ అద్దెకు తీసుకుని, ఆదివారం మధ్యాహ్నాలు బాస్కెట్‌బాల్ బుట్ట కింద మైకు పెట్టుకుని ఆరాధన జరుపుకుంటారు. పాటలయ్యాక సాక్ష్యాలు. ఎవరి ప్రార్థన ఫలించిందో వాళ్లు లేచి, జరిగిన మేలు నలుగురిలో చెప్పి దేవునికి వందనాలు చెల్లించాలి. చెల్లించకపోతే దేవుడు ఏమీ అనుకోడేమో గానీ, సంఘ పెద్ద విజయరత్నం గారు మాత్రం ఊరుకోరు. ఆయన కాకినాడలో లెక్కల మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. ఎవరు దేని కోసం ప్రార్థించమన్నారో అంతా ఆయనకు కంఠస్థం. హోంవర్కు అడిగినట్టు పేరు పెట్టి అడుగుతారు.

"రూపవతమ్మా, మీ అబ్బాయి ఉద్యోగం కోసం సంఘమంతా మోకాళ్ల మీదుంది. ఏమైందో చెప్పవా?"

రూపవతి లేచింది. కొంగు సర్దుకుంది. ఆమె కొడుకు ఆరన్ పక్కనే కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. దేశానికి అటు చివరనున్న బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. కంపెనీ మనుషుల్ని తీసేసినప్పుడు వీడి ఉద్యోగమూ పోయింది. అక్కడి అద్దె కట్టలేక ఫిబ్రవరిలో తల్లి దగ్గరికి చేరాడు. ముప్పై మూడేళ్ల మగాడు సోఫాలో కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నాడు. ఇన్నాళ్లకు ఎయిర్‌పోర్టు పక్కన ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ పని దొరికింది.

"దేవుని మహాకృప వల్ల మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిందండీ," అంది రూపవతి.

జిమ్ అంతా "స్తోత్రం" అంది. అక్కడితో కూర్చుని ఉంటే సరిపోయేది. కానీ విజయరత్నం గారు సంతోషం పట్టలేక, "చాలా మంచిది. ఇక అబ్బాయి ఆ ఫ్రెండు ఇంట్లో ఉండక్కర్లేదు. నీ దగ్గరే ఉంటాడుగా?" అన్నారు.

రెండో వరసలో కూర్చున్న అబిగేల్ తలెత్తి చూసింది. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పే ఈ అబిగేల్, మామూలు రోజుల్లో పనిచేసేది రూపవతి ఉంటున్న అపార్ట్‌మెంట్ల ఆఫీసులో. ఆ పిల్ల నవ్వుతూనే చూసింది పాపం. రూపవతికి మాత్రం నవ్వు కనపడలేదు, ఆఫీసు కనపడింది.

"లేదండీ," అంది. "ఉద్యోగం మాంట్రియల్‌లో."

ఎందుకు మాంట్రియల్ అంది అంటే, పొద్దున టీవీలో ఆ ఊళ్లో మంచు పడుతోందని చూపించారు, అంతే. కీబోర్డు దగ్గర ఆరన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. జిమ్ అంతా చప్పట్లు కొట్టింది.

రూపవతి ఉంటున్నది ప్రభుత్వం సాయంతో నడిచే అపార్ట్‌మెంటు. అక్కడ ఇంట్లో ఉండేవాళ్ల ఆదాయాన్ని బట్టే అద్దె. భర్త పోయాక, మోకాళ్లు పాడై మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని మానేశాక, ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి సంపాదించుకున్న గూడు అది. ఇప్పుడు ఒక డే కేర్ వంటింట్లో రోజుకు కొన్ని గంటలు పనిచేస్తూ బతుకు ఈడ్చుకొస్తోంది. ఇంట్లోకి పెద్ద పిల్లలొచ్చి చేరితే వాళ్ల సంపాదన కూడా కలిపి అద్దె కడతారు. ఎవరు చేరినా నెలలోగా ఆఫీసుకు చెప్పాలి. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు.

వారం పది రోజుల్లో వెళ్లిపోయేవాడి గురించి ఏం చెప్తాంలే అనుకుంది మొదట్లో. నెల దాటింది. దాటాక చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని భయం పట్టుకుంది. ఆ భయంతో ఇంకో నెల గడిచింది. చర్చిలో ఫ్రెండు దగ్గర ఉంటున్నాడని చెప్పింది. కొడుకు బూట్లు బీరువాలో పెట్టించింది. లిఫ్టులో కెమెరా ఉందని, వెనక మెట్ల మీదుగా ఏడో అంతస్తుకు ఎక్కి రమ్మంది. ఒకసారి బిల్డింగ్ బాగోగులు చూసే సూపరింటెండెంట్ ఎదురుపడి ఈ కుర్రాడెవరని అడిగితే, చుట్టాలబ్బాయి, చూడ్డానికి వచ్చాడని చెప్పింది. ఆరన్ పక్కనే పాల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడు ఆ పూట అన్నం కూడా మామూలుగానే తిన్నాడు. రూపవతికే ముద్ద దిగలేదు.

"జస్ట్ టెల్ దెమ్ అమ్మా. రెంట్ పెరిగితే నేనిస్తా కదా," అన్నాడు ఉద్యోగం వచ్చిన రోజున.

"నీ ఉద్యోగం మళ్లీ పోతే? పెరిగిన అద్దె నేను కట్టగలనా? ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడికి పోవాలిరా?" అంది. ఆ భయంలో అన్యాయమేమీ లేదు. కానీ భయం కోసం కొడుకును చుట్టాలబ్బాయిని చేసింది, ఇప్పుడు మాంట్రియల్ పంపించేసింది.

చెప్పిన అబద్ధం చెప్పిన చోట ఉండలేదు. బుధవారం ప్రార్థన కూటంలో ఆరన్‌ను మధ్యలో కూర్చోబెట్టి, తల మీద చేతులుంచి, క్షేమంగా చేర్చమని ప్రార్థించారు. వాడు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఒకరు రొయ్యల పచ్చడి ఇచ్చారు. ఒకరు తమ అల్లుడు రెండుసార్లే వేసుకున్న మంచు కోటు ఇచ్చారు. అబిగేల్ ఉన్ని టోపీ ఇచ్చింది. "మాంట్రియల్‌లో చలి వర్స్, ఆంటీ. చెవులు కప్పుకోమనండి," అని తన వచ్చీరాని తెలుగులో మరీ మరీ చెప్పింది. ఆ టోపీ అందుకుంటుంటే రూపవతికి ఆ పిల్ల మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. ఏ వస్తువూ వద్దనడానికి లేదు. వద్దంటే ఎందుకంటారు.

"అయితే ఇక నేను చర్చికి రాకూడదు కదా?" అన్నాడు ఆరన్ ఇంటికొచ్చాక.

ఆ మాట రూపవతికి అప్పటిదాకా తట్టనే లేదు. "కొన్నాళ్లు," అంది.

"హౌ లాంగ్ ఈజ్ కొన్నాళ్లు?"

రూపవతి పచ్చడి సీసా ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ తీసి సంచిలో పెట్టింది. ప్రయాణానికని ఇచ్చారు కదా, ఇంట్లో తినడానికి మనసొప్పలేదు.

శనివారం పొద్దున విజయరత్నం గారు తన వ్యాను వేసుకుని వచ్చేశారు. టొరంటో బస్సు స్టేషన్ దాకా తనే దింపుతానని పట్టుబట్టారు. తల్లీ కొడుకులు అనుకున్నదేమంటే, ఆయన వెళ్లిపోయాక ఆరన్ అటు నుంచి అటే రైలెక్కి, చీకటి పడ్డాక వెనక మెట్ల మీదుగా ఇల్లు చేరాలి. కొనని టికెట్టు ఫోన్‌లో ఉందని వాడు ఆయనతో చెప్పాడు. రూపవతి సాగనంపడానికని వెనక సీట్లో, పచ్చడి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

హైవే ఎక్కాక విజయరత్నం గారు గొంతు సవరించుకున్నారు.

"నాయనా ఆరన్, నాకో పని చేసిపెట్టాలి. మా అబ్బాయి కూతురు ఫేబీ మాంట్రియల్‌లోనే కాలేజీలో చదువుతోంది. నాలుగు వారాలైంది, ఫోన్ ఎత్తట్లేదు. మెసేజ్ పెడితే బిజీ తాతయ్యా అని ఒక్క ముక్క. కాకినాడలో వాళ్ల నాన్నకి అంతా బావుందని చెప్పా. బాలేదు, నాకు తెలుసు. నన్ను డాక్టరు అంత దూరం డ్రైవ్ చేయొద్దన్నాడు. కూతురూ అల్లుడూ సెలవు దొరకదంటారు."

ఆయన అద్దంలోంచి వెనక సీటు వైపు చూశారు.

"ఆ ఊరు వెళ్లే మనిషిని ఒక్కణ్ణి చూపించు ప్రభువా అని అడిగానమ్మా రూపవతీ. మొన్న నువ్వు మాంట్రియల్ అన్నావు చూడు, అదే నాకు జవాబు అనుకున్నా. మీకు జరిగిన మేలు అనుకుంటున్నారు అందరూ. అది నాకు జరిగిన మేలు."

రూపవతి సంచిని గట్టిగా పట్టుకుంది. ముందు సీట్లో ఆరన్ మెడ మాత్రమే కనబడుతోంది ఆమెకు.

"చూస్తాను అంకుల్. ఈ సాయంత్రమే వెళ్లి చూస్తాను," అన్నాడు వాడు.

చిన్నప్పుడు పక్కింటి అద్దం పగలగొట్టి తనే వెళ్లి చెప్పి వచ్చిన పిల్లాడు. ఇప్పుడు ఒక ముసలాయన నమ్మకం మీద తల్లి కోసం అబద్ధమాడుతున్నాడు, అదీ తడుముకోకుండా. ఎంత బాగా నేర్పాను అనుకుంది. సీటు అంచుకు జరిగి ముందుకు వంగింది.

"అన్నయ్య గారూ, వీడు మాంట్రియల్ వెళ్లట్లేదండీ."

"అదేంటమ్మా?"

"ఉద్యోగం ఇక్కడే, ఎయిర్‌పోర్టు దగ్గర. ఫిబ్రవరి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. అద్దె పెరుగుతుందని దాచాను. సాక్ష్యంలో అబద్ధం చెప్పాను. వీడి తప్పేం లేదు."

విజయరత్నం గారు సిగ్నల్ వేసి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక కాఫీ షాపు ముందు బండి ఆపారు. ఇంజన్ ఆపి చేతులు స్టీరింగ్ మీదే ఉంచారు. తిడతారని రూపవతి ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి ఫేబీ?" అన్నారు ఆయన.

ఆ మాటకు రూపవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను ఇంటి గురించి భయపడింది, చర్చిలో పరువు గురించి భయపడింది. ఒక అబద్ధం మీద ఇంకో మనిషి ఆశ పెట్టుకుంటాడని ఆమె ఊహించనే లేదు.

"నేను వెళ్తాను అంకుల్," అన్నాడు ఆరన్, ఫోన్ బయటికి తీస్తూ. "ఐ స్టార్ట్ ఆన్ మండే. రేపు రాత్రికి తిరిగొచ్చేస్తాను. అడ్రెస్ పంపండి. టికెట్ ఇప్పుడు కొంటున్నా, నిజంగానే."

అల్లుడి కోటు వేసుకుని, అబిగేల్ టోపీ పెట్టుకుని, పచ్చడి సంచి పట్టుకుని వాడు బస్సెక్కాడు. అద్దంలోంచి తల్లికి చెయ్యి ఊపాడు. ఆమెకు తిరిగి ఊపడానికి చెయ్యి లేవలేదు.

తిరుగు ప్రయాణంలో బిల్డింగ్ దగ్గరపడుతుండగా రూపవతే అంది:

"రేపు సభలో నాకు రెండు నిమిషాలు ఇవ్వండి అన్నయ్య గారూ. అందరి ముందు ఒప్పుకుంటాను."

"వద్దు," అన్నారు విజయరత్నం గారు. "సభలో చెప్తే నువ్వు ఏడుస్తావు. నిన్ను చూసి ఆడవాళ్లందరూ ఏడుస్తారు. నేను ప్రార్థన చేస్తాను. తర్వాత అందరం బిరియానీ తింటాం. దానివల్ల నీకు హాయిగా ఉంటుంది, అంతే. చెప్పాల్సిన చోట చెప్పు."

ఆమె దిగి తలుపు వేయబోతుంటే, "కోటు ఇచ్చిన వాళ్లకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో," అన్నారు. గొంతులో కోపం లేదు. గారాబమూ లేదు.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. మధ్యాహ్నం ఆరన్ ఫోన్ చేశాడు. ఫేబీ పరీక్షలు పోయి కాలేజీ మానేసి, ఒక బేకరీలో పని చేసుకుంటోందట. తాతయ్యకు మొహం చూపించలేక ఫోన్ ఎత్తలేదట. పచ్చడీ అన్నం తిన్నాక ఏడ్చి, తనే ఆయనకు ఫోన్ కలిపిందట. రూపవతి విని, "మంచి పని చేశావురా," అంది.

సోమవారం డే కేర్‌లో సెలవు చెప్పి ఆఫీసుకు వెళ్లింది. కౌంటరులో అబిగేల్ ఉంది. రూపవతిని చూడగానే ఆ పిల్ల మొహం విప్పారింది.

"ఆంటీ, నిన్న రాలేదేంటి? ఆరన్ సేఫ్‌గా రీచ్ అయ్యాడా?"

"అబిగేల్, మా ఇంట్లో ఇంకో మనిషి ఉంటున్నాడమ్మా. అది చెప్పడానికొచ్చాను."

"ఓకే. బట్ మీ ఫైల్ నేను తీసుకోకూడదు ఆంటీ, మనం ఒకే చర్చి కదా. మా కొలీగ్‌ని పిలుస్తాను."

"పిలువు. వాళ్లకీ చెప్తాను. ముందు నీకు చెప్పాలి. ఉంటున్నది ఆరనే. ఫిబ్రవరి నుంచి నా దగ్గరే ఉన్నాడు. మాంట్రియల్‌లో ఉద్యోగమేమీ లేదు. నువ్వు రెండో వరసలో ఉన్నావని భయపడి ఆ మాట అన్నాను."

వెనక లైన్లో ఎవరో దగ్గారు. అబిగేల్ ఫోన్ మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తప్పు చేసింది తనేమో అన్నట్టు మెడ దగ్గర ఎర్రబడింది.

"నన్ను చూసి భయపడ్డారా?"

"అవునమ్మా."

అబిగేల్ తల దించుకుని, పక్క గదిలోని మనిషిని ఫోన్‌లో పిలిచింది. తర్వాత గోడ వారన ఉన్న కుర్చీలు చూపించింది.

"ప్లీజ్ హ్యావ్ ఎ సీట్, మేడమ్. ఆమె వస్తారు."

అద్దె ఎంత పెరుగుతుందో, దాచిన నెలలకు ఏమంటారో, ఇల్లు ఉంటుందో లేదో రూపవతికి ఇంకా తెలియదు. ఆ భయం అప్పటికి ఎక్కడో పక్కకు పోయింది. ఈ పిల్ల మాటలు నేర్చిన దగ్గర్నుంచీ తనను ఆంటీ తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు. రూపవతి వెళ్లి, చూపించిన కుర్చీలో కూర్చుంది.