ఎనిమిది వందల లోపు

కాలేబు అబద్ధమాడడని నారాయణఖేడ్‌లో పేరు. బండి తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, "దీని పనైపోయింది, తూకానికి అమ్ముకో" అని మొహం మీదే చెప్పేస్తాడు. బస్ డిపో వెనక సందులో ఉన్న అతని షెడ్డుకు బోర్డు లేదు, అవసరమూ లేదు. అలాంటి మనిషి ఒక చలికాలమంతా సొంత చెల్లెలితో అబద్ధమాడాడంటే ఎవరూ నమ్మరు. ఆడాడు మరి. అదీ ఇంజిన్ విషయంలో!

చెల్లెలు లిదియా. కంగ్టి వైపు ఊళ్ల నుంచి కందులు, పత్తి మార్కెట్‌కు తోలే బొలెరో ట్రాలీ నడుపుతుంది. ఆడపిల్ల ట్రాలీ నడపడమేమిటని మార్కెట్ హమాలీలు మొదట్లో పళ్లికిలించారు. ఒకరోజు ఆమె నిండు లోడుతో, అద్దాల్లో చూసుకుంటూ, రెండు లారీల మధ్య అటూ ఇటూ జానెడు కూడా మిగలని సందులోకి ట్రాలీని వెనక్కి పెట్టింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పైగా ఆమెకు దారి ఇమ్మని వాళ్లే కేకలు వేస్తారు.

బీదర్ దగ్గర ఒక క్లబ్బువాళ్లు ఏటా పంటలు ఇంటికి చేరాక బీడు నేలలో మట్టి రేసు పెడతారు. డాక్టర్లు, దుకాణాలవాళ్లు, మెకానిక్కులు సరదా కొద్దీ దిగే పందెం అది. గెలిస్తే ఒక కప్పు, నాలుగు చప్పట్లు, అంతే. లిదియా రెండేళ్లు అక్కడికి పోయి, తాడు ఇవతల జనంలో నిలబడి చూసొచ్చింది. మూడో ఏడు వచ్చేసరికి అన్నతో తేల్చి చెప్పేసింది.

"తాడు ఇవతల నిలబడుడు ఇగ నాతోని కాదన్నా. బండి తయారు చెయ్యి. చేస్తవా, ఇంకెవరినన్న అడగమంటవా?"

ఇంకెవరినో అడిగితే కాలేబు ఊరుకుంటాడా! షెడ్డు మూలన కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత మారుతి ఎనిమిది వందల బండిని బయటికి లాగాడు. సీట్లు పీకేశారు, ముందు అద్దం తప్ప మిగతా అద్దాలు తీసేశారు. బోల్తా కొట్టినా మనిషి నలగకుండా లోపల ఇనుప పైపులతో గూడు కట్టారు. లిదియా రోజూ సాయంత్రం ట్రాలీ ఆపేసి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే బండి కిందికి దూరేది. అంతవరకూ అన్నాచెల్లెళ్ల మధ్య మాట తేడా రాలేదు. చిక్కంతా ఇంజిన్ దగ్గరే వచ్చింది.

షెడ్డులో రెండు ఇంజిన్లున్నాయి. ఒకటి ఆ బండిదే, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. రెండోది ఎప్పుడో నుజ్జయిన కారులోంచి తీసిపెట్టిన నాలుగు సిలిండర్ల పదమూడు వందల సీసీ ఇంజిన్. ఏ ఇంజిన్ పెడితే ఆ క్లాసులోనే ఆడాలి. ఎనిమిది వందల సీసీ లోపయితే చిన్న క్లాసు. అందులో బండ్లను ఒక్కొక్కటిగా వదిలి, ఎవరు తక్కువ టైములో చుట్టొస్తే వాళ్లకు కప్పు ఇస్తారు. ఎనిమిది వందలు దాటితే పెద్ద క్లాసు. అందులో నాలుగేసి బండ్లు ఒకేసారి దూకుతాయి. ఒకదాన్నొకటి రాసుకుంటాయి, గుద్దుకుంటాయి, దుమ్ములో ముందు ఏముందో కనబడదు.

"పెద్దది పెడ్దామన్నా," అంది లిదియా. "ఒక్కదాన్ని ఉరికితే ఏం మజా? పక్కన ఇంకొకడుండాలె."

"పెద్దది పెడ్తే ముందల బరువైతది, మట్టిల మూతి తిరగది," అన్నాడు కాలేబు. "చిన్నదైతే తేలిక. ఎనిమిది వందల లోపు అయితే కప్పు నీదే. గెలుస్తవ్, నా మాట ఇను."

ఆ మాటల్లో తప్పేమీ లేదు. పెద్ద ఇంజిన్ బరువే, చిన్న బండి తేలికే, లిదియా గెలిచే మాటా నిజమే. కాకపోతే అతను చిన్న ఇంజిన్ వైపు మొగ్గింది అందుకు కాదు. భార్య సలోమికి అది చాయ్ గ్లాసు అందిస్తూనే అర్థమైపోయింది.

"నీకు చెల్లె గెలుసుడు గావాల్నా, దెబ్బ తగలకుండ ఇంటికొచ్చుడు గావాల్నా?" అని అడిగింది, లిదియా వెళ్లిపోయాక.

"రెండూ."

"రెండోదే. గది చెప్పు దానికి. గెలుసుడు గెలుసుడని ఎందుకు ఊదుతున్నవ్?"

కాలేబు చేతిలో ఉన్న పానానే షెడ్డంతా వెతుకుతూ తిరిగాడు.

పాపం, అతని భయం ఊరికే పుట్టింది కాదు. అతనికి పద్దెనిమిది, చెల్లెలికి ఆరేళ్లు ఉన్నప్పుడు, చెరుకు కోతకు కూలీలతో పాటు వాళ్ల కుటుంబాన్నీ తీసుకుపోతున్న ట్రాక్టర్ ట్రాలీ సిర్గాపూర్ దాటాక బోల్తా పడింది. తల్లీ తండ్రీ అక్కడే పోయారు. పత్తి చేలో ఎగిరిపడ్డ చెల్లెలిని వెతికి పట్టుకొని, భుజాన వేసుకొని దవాఖానకు పరుగెత్తాడు. ఆ పిల్ల బతికింది, మరిచిపోయింది, పెద్దదై బండి తోలడం నేర్చుకుంది. అతను మాత్రం ఆమె ట్రాలీ కంగ్టి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, డిపో గేటు దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఈ సంగతి ఇద్దరూ ఎన్నడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు.

చివరికి లిదియా ఒప్పుకుంది. "గెలుస్తనని నువ్వే అంటుంటే ఇగ నాదేముంది," అంది. కాలేబుకు గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆ సంతోషంలో చిన్న ఇంజిన్ను నట్టు నట్టుకూ విప్పాడు. పాత ఇంజిన్ విప్పితే బోర్ కొట్టించి, అంటే అరిగిన సిలిండర్లను లేతులో ఒక్క పొర చెక్కించి, కొంచెం పెద్ద పిస్టన్లు వేసి మూయాలి. నారాయణఖేడ్‌లో ఏ మేస్త్రీ అయినా అంతే చేస్తాడు. అలా చేయకుండా మూసేవాడిని మేస్త్రీ అనరు. బ్లాకును లిదియానే ట్రాలీలో వేసుకొని జహీరాబాద్ పోయి బోర్ కొట్టించుకొచ్చింది. కాలేబు అర సైజు, అంటే అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేసి, తన పెళ్లికి కూడా పడనంత శ్రద్ధ పడి బిగించాడు.

రేసుకు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక బండిని చర్చి ముందు నిలబెట్టారు. బండి కొన్నా, పొలంలో బోరు వేసినా, పిల్లకు ఉద్యోగమొచ్చినా అక్కడ ప్రార్థన కావాల్సిందే. పెద్దామె పుష్పమ్మ బానెట్ మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. "ప్రభువా, గీ బిడ్డను కాపాడు, గీ చక్రాలను కాపాడు, ఎదురొచ్చే బండ్లను పక్కకు తప్పించు" అని ఎండ నెత్తికెక్కేదాకా ప్రార్థించింది కానీ, గెలిపించు అన్న మాట ఒక్కసారి అనలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కాలేబే.

రేసు రోజు పొద్దున బీడు నేల నిండా జనం, మిర్చి బజ్జీల బండ్లు, డప్పులు. బండ్లు వరసగా తనిఖీకి నిలబడ్డాయి. తనిఖీ చేసే మొగులప్ప బీదర్ మనిషి. సగం తెలుగు, సగం కన్నడం, మొత్తం మర్యాద. బండి చుట్టూ తిరిగి, గూడు పట్టుకొని ఊపి, రెండు ప్రశ్నలడిగి క్లాసు చీటీ అద్దానికి అంటిస్తున్నాడు.

కాలేబు ముందున్న బండి కూడా పాత మారుతీయే. బోర్ చేయించారా అని అడిగితే దాని ఓనరు గర్వంగా తలూపాడు. "అర సైజు పిస్టన్లు సార్, పోయిన నెలలోనే." మొగులప్ప తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఇది ఎనిమిది వందలు దాటిపోయినట్టే కదండీ. సిలిండర్ పెరిగితే ఇంజిన్ పెరిగినట్టే లెక్క. అటు పెద్ద క్లాసు లైన్‌లోకి హోగ్రీ."

కాలేబు ఆ మాట విన్నాడు. ఓరి దేవుడా! బోర్ కొట్టిస్తే ఇంజిన్ కాస్త పెరుగుతుందని తెలియనివాడు కాదు. ఇన్నేళ్లలో ఆ కాస్తకు ఎవరు లెక్క కట్టారు? రోడ్డు కట్టలేదు, కందుల బస్తాలు కట్టలేదు. మేస్త్రీతనం చూపించబోయి చెల్లెలిని తన చేతులతోనే ఆ నాలుగు బండ్ల మధ్యకు తోశాడు. చెమట తుడుచుకునే లోపే మొగులప్ప అతని ముందుకు వచ్చేశాడు.

"బోర్ మాడ్సీరేన్రీ? చేయించారా?"

"ఇల్ల్రీ, లేదు," అన్నాడు కాలేబు. "కంపెనీ సైజే."

నోట్లోంచి మాట ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. మొగులప్ప అనుమానించలేదు. చిన్న క్లాసు చీటీ నాలుకకు తడిపి అద్దానికి అంటించాడు. బండి అవతలి వైపు హెల్మెట్ పట్టీ సరిచేసుకుంటున్న లిదియా చేతులు ఆగిపోయాయి. ఆమె ఇటు తిరిగి వచ్చింది.

"బోర్ కొట్టించినం సార్," అంది. "అర సైజు. నేనే జహీరాబాద్ తీస్కపోయి కొట్టించుకొచ్చిన."

మొగులప్ప అన్న మొహం చూశాడు, చెల్లెలి మొహం చూశాడు. మంచి మనిషి, కోప్పడలేదు. చీటీని గోటితో మెల్లగా గీకేశాడు. "ఈ ఇంజిన్‌తో పెద్ద క్లాసులో కష్టమమ్మా. వాపస్ పోతావా?"

"ఆడ్తా," అంది లిదియా.

ఇద్దరూ కలిసి బండిని అవతలి లైనుకు తోస్తున్నారు. ఆమె స్టీరింగ్ పట్టుకొని, అతను వెనక నుంచి. కాలేబు తల ఎత్తలేదు.

"ఎందుకన్నవ్ గట్ల?" అని అడిగింది లిదియా, తిరిగి చూడకుండానే.

"నువ్వు గెలుస్తవని..."

"నా గెలుపు అడ్డం పెట్టకు. నువ్వు భయపడ్డవ్. గా నాలుగు బండ్ల నడుమకు నేను పోతనని భయపడి, ఉన్నది లేదన్నవ్. అవునా, కాదా?"

అతను ఇంకా గట్టిగా తోశాడు.

"గెలుస్తవ్ గెలుస్తవ్ అని చలికాలమంత చెప్పినవ్," అంది ఆమె. "నా మీద నమ్మకముందనుకున్న. గంతే అన్నా, ఇంకేం లేదు."

కాలేబును చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఏదో అనబోయాడు. జెండా ఊపేవాడు వచ్చి మనుషులను తాడు ఇవతలికి పొమ్మన్నాడు.

నాలుగు బండ్లు నిలబడ్డాయి. మిగతా మూడూ పెద్ద ఇంజిన్లవే, ఆగి ఉన్నప్పుడే నేల అదిరిపోతోంది. జెండా లేచింది. మూడు బండ్లు ముందుకు ఎగిరాయి, లిదియా బండి వాటి దుమ్ములో మాయమైపోయింది. కాలేబు తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. పుష్పమ్మ ప్రార్థన గుర్తు చేసుకుందామంటే ఒక్క మాట కూడా నోటికి రాలేదు.

మొదటి మలుపులో దుమ్ము చీల్చుకొని చిన్న బండి బయటపడింది. పెద్ద బండ్లు వేగానికి ఆగలేక వెడల్పుగా జారిపోతుంటే, అది లోపలి గట్టును పట్టుకొని, ఆ సందులోంచి దూరి ఒకదాన్ని దాటేసింది. సందంటే సందు, మార్కెట్లో రెండు లారీల మధ్యంత కూడా లేదు! పక్కనున్నవాళ్లు ఈలలు వేశారు. తిన్నటి దారి రాగానే ఆమె దాటిన బండి ఒక్క గర్జనతో మళ్లీ ముందుకు పోయింది. తర్వాతి మలుపులో ఆమె మళ్లీ దాటింది. తిన్నటి దారిలో మళ్లీ వెనకబడింది. చుట్టు తర్వాత చుట్టు ఇదే వరస. కొన్ని చుట్లు అయ్యేసరికి కాలేబుకు భయం ఎటు పోయిందో పోయింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంది, అది భయం కన్నా పాడుది. ఆమె సంపాదించిందంతా తన ఇంజిన్ పోగొడుతోంది. ప్రతి మలుపులో చెల్లెలు ఇస్తోంది, ప్రతి తిన్నటి దారిలో అన్న గుంజుకుంటున్నాడు.

ఆఖరి మలుపులోంచి లిదియా రెండో స్థానంలో బయటికి వచ్చింది. అక్కడ నుంచి జెండా దాకా తిన్నటి దారే. చిన్న ఇంజిన్ గొంతు చించుకొని అరిచింది. దాని బలం అంతే, అంతకు మించి ఏమివ్వగలదు! ఒక బండి దాటింది. జెండా ఇంకా నాలుగు బారలుందనగా రెండోదీ దాటింది. మైకులో మొదటి ముగ్గురి పేర్లు చెప్పారు. నాలుగో పేరు చెప్పే ఆచారం లేదు.

బండి ఆపి, లిదియా హెల్మెట్ తీసింది. మొహమంతా ఎర్ర దుమ్ము, కళ్ల చుట్టూ మాత్రమే శుభ్రం. ఎవరు గెలిచారని అడగలేదు.

"ఎట్ల నడిపిన?" అంది.

కాలేబు బానెట్ మీద చెయ్యి వేశాడు. "నాలుగో నంబర్ నీది కాదు లిద్యా. నాది. నీకు చాలని ఇంజిన్ నేనే పెట్టిన. తేలికని కాదు, గెలుస్తవని కాదు. నాకు భయమైంది. అమ్మా బాపు పోయిన కాడికెల్లి నీ మీదనే భయం. గది దాసిపెట్టి నీకు ఇంకేదో చెప్పిన."

లిదియా ఏమీ ఫరవాలేదని అనలేదు. చేతితొడుగు విప్పి, మొహం మీది దుమ్ము తుడుచుకొని, అన్న వైపు తిరిగింది.

"గీ ముక్క అప్పుడే చెప్తే," అంది, "నీ కోసమని చిన్న ఇంజిన్ నేనే పెట్టుమందును గదన్నా."

కాలేబు ఆ బానెట్ మీదే తల వాల్చి, జనమంతా చూస్తుండగా ఏడ్చాడు.