పిడి ఎత్తు

బండి బరువుగా ఉండాలని అత్తగారు, తేలిగ్గా ఉండాలని కోడలు మొదలుపెట్టిన వాదన వారం దాటినా తెగలేదు. ఆ ఆదివారం పొద్దున కాఫీల దగ్గర అది మళ్ళీ అందుకుంది, రాత్రి వదిలిపెట్టిన చోటు నుంచే.

గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయే బండిలో పసిపిల్లను కూర్చోబెట్టి రోడ్డెక్కించడం ఎక్కడైనా ఉందా అని అత్తగారు. గాలికి బళ్ళు ఎగిరిపోతున్న ఊరు ఏదైనా ఉంటే చెప్పండని కోడలు. చిన్న చక్రాలు గుంతలో పడితే పిల్లకు మెదడు కదిలిపోతుందని ఆవిడ, పెద్ద చక్రాల బండి లిఫ్టులో పెడితే మనుషులు మెట్లు దిగి రావాల్సిందేనని ఈమె. ఎవరి దగ్గరా కొత్త మాట లేదు. అయినా ఇద్దరూ మొదటిసారి చెబుతున్నంత శ్రద్ధగా చెబుతున్నారు.

కోడలు ఆస్పత్రిలో బట్టల విభాగంలో పనిచేస్తుంది. ఉతికిన దుప్పట్లు, దిండు గలీబులు ట్రాలీల మీద వార్డులకు చేర్చడం, మాసినవి వెనక్కి తేవడం ఆమె పని. పురిటి సెలవు వచ్చే నెలతో అయిపోతుంది.

"పగలంతా ట్రాలీ తోసి ఇంటికొస్తే, ఇంట్లో ఇంకో ట్రాలీ పెడతానంటారేంటి అత్తయ్యా," అంది.

"పగలు తోసేది నేనేగా. నా చేతికి నచ్చింది కొనండి," అన్నారు అత్తగారు.

కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. వెనక సీట్లలో ఎంత రభస జరుగుతున్నా చూపు రోడ్డు మీదే ఉంచడం అతని వృత్తి ధర్మం. ఇంట్లోనూ అదే పాటిస్తాడు. పాపను భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి కింద ఆగి ఉన్న కార్లను చూపిస్తున్నాడు. పాప పేరు పుట్టిన సర్టిఫికెట్లో ఒకటుంది గానీ, ఇంట్లో అందరికీ బుడంకాయే.

మామగారు జీవితమంతా ఇళ్ళకు తలుపులు, కిటికీలు బిగించారు. రిటైరయ్యాక కూడా జేబులో టేపు లేకుండా గుమ్మం దాటరు. రెండు బళ్ళ వెడల్పులూ షాపువాణ్ణి ఫోన్లో అడిగి తెలుసుకుని, లిఫ్టు తలుపు, వీధి తలుపు, చెప్పుల స్టాండు దగ్గరి మలుపు కొలిచి పెట్టారు. రెండూ పడతాయి, చెప్పుల స్టాండును జానెడు జరిపితే. వాటిలో ఏది మంచిదని అడిగితే మాత్రం, తోపుడుబండ్ల సంగతి తనకు తెలియదని తప్పుకున్నారు. రెంటినీ ఆయన తోపుడుబండి అనే అంటారు. పాపను కాసేపు కిందికి ఎత్తుకెళ్ళమన్నా అంతే. తలుపైతే మోస్తాను గానీ పిల్లల్ని మోయడం చేతకాదని, పేపరు చంకలో పెట్టుకుని రోజూ పదింటికి ఒక్కరే పార్కుకు బయల్దేరతారు.

పాపను చూసుకుంటానని అత్తగారు పాప పుట్టకముందే మాటిచ్చారు. ఆ మాట పట్టుకునే కోడలు ఉద్యోగం మానకుండా ఉంది. కానీ వానాకాలంలో ఆవిడ బాత్రూంలో జారిపడ్డారు. నాలుగు రోజులు మంచం మీద ఉండి లేచి, ఏమీ కాలేదన్నారు. ఆ తర్వాత ఒకరోజు ఆడపడుచు ఫోన్ చేసి, ఆస్పత్రి పక్కనే పగలు పిల్లల్ని చూసుకునే మంచి క్రెష్ ఉందని, వెనక చిన్న తోట కూడా ఉందని, మధ్యాహ్నం వదిన వెళ్ళి చూసి రావచ్చని, అమ్మకు ఈ వయసులో అంత శ్రమ ఎందుకని అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. కూరగాయలు తరుగుతున్న అత్తగారు తల ఎత్తలేదు. ఆనాటి నుంచి ఆవిడ కుర్చీలోంచి లేచేటప్పుడు మూలుగు రాబోతే దాన్ని దగ్గుగా మార్చేసేవారు.

కొడుకు మధ్యే మార్గంగా ఒక మాటన్నాడు. పిల్లను రోజంతా నాలుగు గోడల మధ్య ఉంచకూడదు. అమ్మ రోజూ ఒకసారి కిందికి దింపి, వీధి చివర పార్కు దాకా తిప్పి తేగలిగితే పాప అమ్మ దగ్గరే. లేకపోతే క్రెష్. కోడలు కాదనలేదు. అత్తగారు సరేనన్నారు. బండి మాట మొదలైంది అప్పుడే.

కాఫీలయ్యాక అందరూ షాపుకు బయల్దేరారు. మామగారి చేతిలో ఒక సంచి ఉంది. అందులో బట్టల సబ్బుపొడి. ముందురోజు పాపను తూకం వేసి, సరిగ్గా అంత బరువూ సంచిలో పోసి మూతి కుట్టారు. బరువు వేలాడదీసి చూడకుండా ఆయన ఏ తలుపునూ ఎవరికీ అప్పజెప్పలేదట. అసలు పాప పక్కనే ఉండగా సబ్బుపొడి దేనికని కొడుకు అడిగాడు.

"కొత్త చక్రాల మీద ముందు సామాను, తర్వాతే మనుషులు," అన్నారు మామగారు.

సంచిని అలాగే పట్టుకెళితే చూసేవాళ్ళు ఏమనుకుంటారని అత్తగారు దానికి పాప దుప్పటి చుట్టారు. అదే ముంచింది. షాపులో ఎవరో ఆవిడ, బండిలో ఎవరు నిద్రపోతున్నారో చూద్దామని వంగి, దుప్పటి అంచు తీసి, సంచి మీది సబ్బుపొడి బొమ్మను చూసి, ఏమీ అనకుండా వేరే వరసలోకి వెళ్ళిపోయింది. సేల్స్‌మన్‌కు కూడా నవ్వాలో వద్దో తెలియలేదు.

తేలిక బండిని అతను ఒంటిచేత్తో మడిచి, మళ్ళీ విప్పి చూపించాడు. కోడలు కూడా మడిచింది, విప్పింది, సంచి వేసి తోసింది, ఒక చేత్తో మలుపు తిప్పింది. ఆమె ముఖం చూస్తే ఇక ఇంకో బండి చూడనక్కర్లేదనిపించింది. అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ పిడి పట్టుకుని రెండు అడుగులు వేసేసరికి ముందు చక్రాలు నేల మీంచి లేచాయి. ఆవిడ చేతులు వదిలేసి, ఇది చేతికి ఆనడం లేదన్నారు.

బరువు బండి పిడి ఆవిడకు ఎత్తయింది. కొంచెం దించమన్నారు. సేల్స్‌మన్ నడుము దగ్గరికి దించాడు. ఇంకా అన్నారు. చేతులు కిందికి వదిలితే మణికట్టు వచ్చే ఎత్తుకు దింపాక చాలన్నారు. సంచి వేసి షాపు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. ఎక్కడా తడబాటు లేదు. ఈమధ్య ఈడుస్తున్న కుడికాలు బుద్ధిగా ఎడమకాలితో పాటే పడుతోంది.

"చూశావా, బండి బాగుంటే అమ్మ ఎలా నడుస్తోందో," అన్నాడు కొడుకు నెమ్మదిగా.

కోడలు చూస్తోంది. కాళ్ళను కాదు, చేతులను. బండిని తోసేవాళ్ళ మోచేతులు వంగి ఉంటాయి. బండి మీద వాలేవాళ్ళ మోచేతులు కర్రల్లా ఉంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఆస్పత్రి వరండాల్లో రెండు రకాల వాళ్ళనూ ఆమె రోజూ చూస్తుంది.

బయట కూడా తిప్పి చూడమన్నాడు సేల్స్‌మన్. గుమ్మం ముందు మెట్ల పక్కన చక్రాల కోసం కట్టిన వాలు ఉంది. మామగారు లోపల ఇంకో బండి వెడల్పు కొలుస్తున్నారు. కొడుకు పాపకు బొమ్మలు చూపిస్తూ కౌంటరు దగ్గరే ఉండిపోయాడు. కోడలు మాత్రం అత్తగారి పక్కనే నడిచింది. వాలు మీదికి రాగానే బండి ముందుకు సాగింది. ఆవిడ చేతులు బండితో వెళ్ళాయి, కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. నడుము దాకా ముందుకు వంగిపోయారు.

కోడలు పాదాన్ని అడ్డంగా పెట్టి చక్రాన్ని ఆపింది. అది ఉద్యోగం నేర్పిన అలవాటు, ఆలోచించి చేసింది కాదు. ఒక చేత్తో అత్తగారి జబ్బ పట్టుకుంది. సబ్బుపొడి సంచి ముందుకు జారి, బండి అంచుకు తగిలి ఆగింది.

"చెప్పు జారింది," అన్నారు అత్తగారు.

కోడలు బండికి బ్రేకు వేసింది. ఆవిణ్ణి నడిపించి గుమ్మం పక్కన ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. అత్తగారి చేతులు ఒళ్ళో ఉన్నాయి. అరచేతుల్లో పిడి గుర్తులు ఎర్రగా పడ్డాయి.

"పాప అందులో లేదుగా," అన్నారు ఆవిడ, ఎవరో ఏదో అడిగినట్టు.

"లేదు."

"బండి పట్టుకుంటే నొప్పి తెలీదమ్మాయ్. బరువుదైతే కదలకుండా నిలుస్తుంది. అందుకే అడిగాను." ఎర్రబడ్డ అరచేతులు రుద్దుకున్నారు. "కర్ర పట్టుకుని కిందికి దిగాననుకో, సాయంత్రానికల్లా నీ ఆడపడుచు చెవిన పడుతుంది. మర్నాటికి పిల్ల క్రెష్‌లో ఉంటుంది."

కోడలు వంగి, సంచిని మళ్ళీ వెనక్కి జరిపింది. దుప్పటి సర్దబోయి, అది సబ్బుపొడి అని గుర్తొచ్చి మానేసింది.

"మా దగ్గర చేరినరోజే చెప్తారు అత్తయ్యా, ట్రాలీ మీద వాలొద్దని. వాలితే అది మనల్ని మొయ్యదు. వెళ్ళిపోతుంది. బరువుదైతే ఇంకా తొందరగా వెళ్ళిపోతుంది. మన గేటు నుంచి పార్కు దాకా అంతా పల్లమే."

అత్తగారు షాపు తలుపు వంక చూశారు.

"వాడికి చెప్తావా?" అన్నారు.

"నేను చెప్పను. కానీ చూశాక ఈ బండి కొననివ్వను."

లోపలి నుంచి కొడుకు వచ్చాడు, ఏది ప్యాక్ చేయించాలో అడుగుతూ. ఇంకొంచెం ఆలోచించుకుంటామన్నారు అత్తగారు. వారం నుంచి జరుగుతున్నదేమిటో అతనికి అర్థం కాలేదు. సేల్స్‌మన్‌కూ అర్థం కాలేదు. మామగారు మాత్రం సబ్బుపొడి సంచిని మర్చిపోకుండా తెచ్చుకున్నారు.

తర్వాతి రోజుల్లో ఇంట్లో ఎవరూ బండి మాట ఎత్తలేదు. కోడలు మామూలుగానే ఉంది. అత్తగారు పాపకు స్నానం చేయించేవారు, పీట మీద కూర్చునే. తినిపించేవారు, జోకొట్టేవారు. ఆవిడ ఒళ్ళో ఉన్నంతసేపూ బుడంకాయ నోరెత్తదు. లేచి ఎత్తుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ కోడలు వచ్చేదాకా ఆగుతున్నారు. ఆగుతున్నట్టు ఇద్దరికీ తెలుసు. వాదన లేకపోవడం మామగారికి ఏదో వెలితిగా అనిపించి, కొనని బండి కోసం చెప్పుల స్టాండును జానెడు జరిపి, అది కాళ్ళకు తగిలిన వాళ్ళందరి చేతా తిట్లు తిన్నారు. ఒకరోజు అత్తగారు ఆటోలో ఒక్కరే బయటికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. కోడలికి అడగాలనిపించింది గానీ ఊరుకుంది.

మళ్ళీ ఆదివారం ఆడపడుచు భోజనానికి వచ్చింది. అత్తగారే రమ్మన్నారట. ఆమె క్రెష్ వాళ్ళ కాగితాలు బ్యాగులో పెట్టుకునే వచ్చింది, కానీ బయటికి తీయలేదు. పాప ఆమె ఒళ్ళో కూర్చుని బ్యాగు జిప్పు చప్పరిస్తోంది. అందరికీ వడ్డించడం అయ్యాక అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈసారి మూలుగును దగ్గుగా మార్చలేదు.

"తేలిక బండే తీసుకుందాం," అన్నారు.

కొడుకు భార్య వంక చూశాడు. కోడలు పప్పు కలుపుకుంటోంది.

"నా కాలు బాగాలేదు. బాత్రూంలో పడ్డప్పట్నుంచీ ఇంతే. మొన్న డాక్టరుకు చూపించుకున్నాను. వ్యాయామాలు రాసిచ్చాడు, కర్ర పట్టుకోమన్నాడు. కొనుక్కున్నాను, తలుపు వెనకుంది."

ఆడపడుచు బ్యాగు మీద చెయ్యి వేసింది. "అదేగా అమ్మా నేనన్నది. మరి పాపని..."

"పాప నా దగ్గరే ఉంటుంది. ఒళ్ళో పెట్టుకోవడానికీ తినిపించడానికీ కాలితో పనిలేదు. ఎత్తడం, కిందికి తిప్పడం అంటావా, పాపను బండిలో వేసి మీ నాన్న తోస్తారు. నేను కర్రతో పక్కన నడుస్తాను."

ఈ సంగతి మామగారు కూడా అందరితో పాటే విన్నారు. ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

"నాకు చేతకాదని చెప్పాను కదే."

"మొయ్యడం చేతకాదన్నారు. తొయ్యడం గురించి ఏమీ అన్లేదు. ఎలాగూ రోజూ పార్కుకి వెళ్తున్నారు, చేతులు ఊపుకుంటూ వెళ్ళడమెందుకు?"

కొడుకు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగాడు. ఆడపడుచు ఇంకేదో అనబోయి, వదిన ఏమంటుందోనని అటు చూసింది.

"నాకు సమ్మతమే," అంది కోడలు. అని, అత్తగారి పళ్ళెంలో ఇంకొంచెం పప్పు వేసింది.

మామగారు భోజనం ముగించారు. లేచి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, జేబులోంచి టేపు తీసి కొడుక్కి ఇచ్చారు. గోడకు ఆనుకుని, మోచేతులు కాస్త వంచి, ఏదో పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపి నిలబడ్డారు.

"నేల దగ్గర్నుంచి కొలువు," అన్నారు. "పిడి ఎత్తు ఇక నాకు సరిపోవాలిగా."